పల్లేరు ముళ్ళు, క్వారీ ఎక్కుడు, వంద కిలోమీటర్లు

నవంబర్ 3, 2024, ఆదివారం

రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో లెడ్‌విల్ రేసు వీడియోలు చూడటం నాకు రెండేళ్ళుగా అలవాటు. అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో, సముద్రమట్టానికి మూడు వేల మీటర్ల పైన ఉన్న పాత గనుల ఊరు అది. అక్కడ 1994లో మౌంటెన్ బైక్ రేసు మొదలైంది. వంద మైళ్ళు, అంటే మన లెక్కన 160 కిలోమీటర్లు. పన్నెండు గంటల్లో అయిపోవాలి. సగం దూరం పోయి వెనక్కి తిరిగే చోటు దాదాపు 3,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మా హనుమకొండ ఎత్తేమో 270 మీటర్ల చిల్లర. అక్కడిదాకా పోవడానికి నాకు వీసా, టికెట్టు, సెలవు, ఊపిరి నాలుగూ లేవు.

అందుకని నలుగురం కలిసి మా రేసు మేమే పెట్టుకున్నాం. కాజీపేటలో రైల్వే పని చేసే ఒక అన్న, నర్సంపేట నుంచి వచ్చే డిగ్రీ పిల్లగాడు, మందుల షాపు నడిపే దోస్తు, లెక్కల సార్‌ని నేను. ధర్మసాగర్ దాటి వేలేరు వైపు పోతే మా అత్తగారి ఊరు. ఆ ఊరి చుట్టూ 20 కిలోమీటర్ల చుట్టు ఒకటి చూసుకున్నాం. పాత క్వారీ బాట ఎక్కి దిగాలి, పత్తి చేన్ల మధ్య బండ్ల బాట పట్టాలి, తర్వాత చెరువు కట్ట, కాలువ పక్కన మొరం రోడ్డు, మళ్ళీ ఊరు. అలా ఐదు చుట్లు, పది గంటల గడువు. తేదీ ఫిబ్రవరి 9. ఇనుపరాతి గుట్టల అడవి పక్కనే ఊరిస్తుంది గానీ, అనుమతి లేకుండా అడవిలోకి దిగొద్దని ముందే అనుకున్నాం.

ఈరోజు చూద్దామని రెండు చుట్లు తొక్కాను. 40 కిలోమీటర్లకు 4 గంటల 6 నిమిషాలు. రెండో చుట్టులో క్వారీ ఎక్కలేక సైకిల్ తోసుకుంటూ పోయాను. పొద్దున రెండు ఇడ్లీలు తిన్నాను, మధ్యలో ఏమీ లేదు. ఇంటికొచ్చాక కళ్ళు తిరిగాయి. ఊళ్ళో సగం రోడ్డు వడ్లు ఆరబోసి ఉంది, వాటి మీద నుంచి పోకుండా దిగి నడిచిన టైమ్ కూడా ఇందులోనే.

బైక్ సంగతి: 29 అంగుళాల చక్రాలు, ముందు 100 మిల్లీమీటర్ల సస్పెన్షన్, వెనక ఏమీ లేదు. బరువు 14 కిలోలు. నా బరువు 76. వయసు 41.

నవంబర్ 10

పెడళ్ళ దగ్గరుండే ముందు పళ్ళచక్రం (చైన్‌రింగ్) 32 పళ్ళది తీసేసి 28 పళ్ళది వేయించాను. వెనక పెద్ద పళ్ళచక్రం 46. ఇదివరకు అతి తేలిక గేరులో ఒక పూర్తి తొక్కుకు చక్రం 1.6 మీటర్లు ముందుకు పోయేది, ఇప్పుడు 1.4. వినడానికి తేడా చిన్నదే. క్వారీ బాట మీద మాత్రం దిగి తోయడానికీ కూర్చుని తొక్కడానికీ ఉన్న తేడా అదే. డౌన్‌లో స్పీడు కొంత పోతుంది, పోనీ. దిగుడులో నేను ఎలాగూ బ్రేకుల మీదే ఉంటాను.

నవంబర్ 17

రెండు ఆదివారాల్లో ఐదు పంక్చర్లు. ఒకటి సర్కారు తుమ్మ ముల్లు, మిగతావన్నీ పల్లేరు కాయలు. పల్లేరు కాయ నేల మీద ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. వరి కోతలయ్యాక గట్ల మీద, కాలువ పక్కన ఎండిన పల్లేరు ఇప్పుడు బోలెడు.

కాబట్టి ట్యూబ్‌లెస్. సైకిల్ షాపాయన నన్ను పైనుంచి కిందికి చూసి "ట్యూబు లేకుంట గాలెట్ల నిలుస్తది సార్?" అన్నాడు. ఇంట్లోనే చేసుకున్నాను. ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చే రిమ్ అయి ఉండాలి, అది ముందు చూసుకోండి. రిమ్ లోపల టేపు గట్టిగా లాగి రెండు చుట్లు, వాల్వ్, టైరు, ఒక్కో చక్రంలో 100 మిల్లీలీటర్ల సీలెంట్. ఇది పాలలాంటి రబ్బరు ద్రవం. ముల్లు గుచ్చుకున్న చోటికి గాలితోపాటు వచ్చి గట్టిపడి బెజ్జం మూసేస్తుంది.

చిక్కు ఎక్కడంటే, టైరు అంచు రిమ్‌లో కూర్చోవాలి. ఇంట్లో కొట్టే నిలువు పంపుతో అరగంట కొట్టాను. సబ్బునీళ్ళు రాసి మళ్ళీ కొట్టాను. ఒకవైపు నుంచి కొడుతుంటే ఇంకోవైపు నుంచి పోతోంది. చివరికి చక్రాలు రెండూ స్కూటీ మీద పెట్టుకుని లారీల పంక్చర్ షాపుకు పోయాను. సన్న వాల్వ్‌కి మామూలు గన్ను పట్టేలా చిన్న ఇత్తడి మూతి దొరుకుతుంది, అది తీసుకెళ్ళడం మర్చిపోవద్దు. కంప్రెసర్ గాలి పట్టగానే టప్, టప్ అని రెండు చప్పుళ్ళు. పంక్చర్ షాపు పిల్లగాడు రెండడుగులు వెనక్కి దూకాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

గాలి ముందు 22, వెనక 25 పీఎస్ఐ. ఇంతకుముందు 40 కొట్టేవాణ్ణి. మొరం రోడ్డు మీద నడుము నొప్పి సగం తగ్గింది.

డిసెంబర్ 4, బుధవారం

వరంగల్ దగ్గర పొడుగాటి ఎక్కుడు ఎక్కడుంది? గుట్టలు చాలా ఉన్నాయి గానీ ఒక్కోటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. అందుకే ఒకటే గుట్టను ముప్పైసార్లు ఎక్కాలి. మా ఇంటికి దగ్గర్లో ఒక గుడికి పోయే సిమెంటు రోడ్డు ఉంది. పొడవు 480 మీటర్లు, ఎత్తు 41 మీటర్లు. మంగళ లేదా బుధ, గురువారాల్లో పొద్దున అయిదున్నరకు అక్కడే. మొదటి వారం 6 సార్లు, ఇప్పుడు 14 సార్లు. 14 అంటే 574 మీటర్ల ఎక్కుడు. పక్కన ఎవరైనా ఉంటే ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగేంత నెమ్మదిగా పది, ఊపిరాడనంత గట్టిగా నాలుగు. నేను మొదట్లో అన్నీ గట్టిగానే ఎక్కి, గురువారానికి కాళ్ళు కట్టెలై కూర్చునేవాణ్ణి.

పూజారి గారు మొన్న ఆపి అడిగారు: "ఇన్నిసార్లు పైకొస్తవ్, ఒక్కసారన్న లోపలికి రావేంది సారూ?"

ఈరోజు 7:27కు ములుగు వైపు భూకంపం వచ్చింది, 5.3 తీవ్రత. ఆ నిమిషంలో నేను పన్నెండోసారి దిగుతున్నాను. నాకు ఏమీ తెలియలేదు. ఇంటికొచ్చేసరికి అపార్ట్‌మెంటు మొత్తం రోడ్డు మీద ఉంది, మా ఆవిడ చేతిలో పిల్లల స్కూలు బ్యాగులు. "భూమి ఊగింది, నీకు సోయి లేదా?" అంది. సస్పెన్షన్ మంచిదని చెప్పబోయి ఊరుకున్నాను.

డిసెంబర్ 15

ఈ రోజు 60 కిలోమీటర్లు, 5 గంటల 32 నిమిషాలు. కళ్ళు తిరగలేదు. తేడా అంతా తిండిదే.

గంటకు దాదాపు 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలని ఇలాంటి రేసుల వాళ్ళు చెబుతారు. కొనే జెల్లులు ఒక్కోటి వంద రూపాయల పైమాటే, పది గంటలకు ఇరవై కావాలి. నా వల్ల కాదు. ప్రయోగాలు ఇలా సాగాయి. సకినాలు: నోట్లో పిండి పిండి అయి మింగుడు పడలేదు, ఊపిరితిత్తుల్లోకి పోయినంత పనైంది. సర్వపిండి: మా అత్తమ్మ చేసింది బ్రహ్మాండంగా ఉంది, కానీ నూనె, కారం, పల్లీలు కలిసి రెండు గంటల తర్వాత కడుపులో మంట. అది ఆఖరి చుట్టు అయ్యాక తినాల్సిన వస్తువు. అరటిపండు ఒకటి దాదాపు 25 గ్రాములు, బాగానే ఉంది గానీ జేబులో గుజ్జవుతుంది. చివరికి కుదిరింది బెల్లం అన్నం. మెత్తగా వండిన అన్నంలో బెల్లం, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి వేసి పిసికి, నిమ్మకాయకంటే కొంచెం పెద్ద ముద్దలు చేసి సిల్వర్ కాగితంలో చుట్టాలి. ఒక్కో ముద్ద 30 గ్రాముల పిండిపదార్థం లెక్క. అరగంటకు ఒకటి. ఆకలైనప్పుడు తిందామంటే అప్పటికే ఆలస్యం, అందుకని వాచీలో అరగంటకోసారి అలారం.

ఓఆర్ఎస్ గురించి ఒక మాట. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా పొట్లం లీటరు నీళ్ళలో కలిపితే అందులో గ్లూకోజు 13.5 గ్రాములే. అది ఉప్పు కోసం తాగేది, శక్తి కోసం దాని మీద ఆధారపడితే మళ్ళీ కళ్ళు తిరుగుతాయి. నేను ఒక సీసాలో ఓఆర్ఎస్, ఇంకో సీసాలో మామూలు నీళ్ళు పెట్టుకుంటున్నాను. గంటకు ముప్పావు లీటరుకు కాస్త తక్కువ.

జనవరి 5, 2025

జలుబు, తొక్కలేదు.

జనవరి 14, సంక్రాంతి

అయినవోలు మల్లన్న జాతర. ఆ రోడ్డు మీద సైకిల్ కాదు కదా మనిషి కూడా దూరడు. ఇంట్లోనే ఉండి చైను కడిగాను. అరిసెలు లెక్కపెట్టలేదు.

జనవరి 19

నాలుగు చుట్లు, 80 కిలోమీటర్లు, రేసుకు ముందు అన్నిటికంటే పెద్ద రోజు. 7 గంటల 49 నిమిషాలు. ఇందులో చక్రాలు తిరిగింది 6 గంటల 38 నిమిషాలే. మిగతా గంటా పదకొండు నిమిషాలు ఎక్కడికి పోయాయి?

గడియారంలో ఆగిన చోట్లన్నీ చూశాను. అత్తగారింటి దగ్గర మూడుసార్లు, చాయ్, ముచ్చట్లు, 38 నిమిషాలు. పత్తి ఏరేవాళ్ళు ఆపి "ఎవరింటికి పోతున్నవ్ బిడ్డా" అని అడిగితే 6 నిమిషాలు. గొర్లమంద 4. సీసాలు నింపుకోవడం, ఫోన్ చూసుకోవడం, వంగి లేస్ కట్టుకోవడం, తక్కినదంతా. గుడి రోడ్డు మీద రెండు నెలలు చెమటోడ్చి నేను సంపాదించుకున్నది చుట్టుకు ఏడెనిమిది నిమిషాలు. చాయ్ దగ్గర అది హాయిగా తాగేశాను.

రేసు రోజు మా బామ్మర్ది ఊరి బయట వేపచెట్టు కింద ఉంటాడు. చుట్టు పూర్తవగానే ఖాళీ సీసాలు ఇచ్చి నిండువి తీసుకోవడం, నాలుగు ముద్దలు జేబులో వేసుకోవడం, పోవడం. చుట్టుకు మూడు నిమిషాలు. వాడికి ఇది బాగా నచ్చింది, విజిల్ కొన్నాడు.

వెనక టైరులో రాత్రికి రాత్రే గాలి కొంత తగ్గుతోంది. వాల్వ్ వదులేమో. పొద్దున్నే పంపుతో సరిచేసుకుంటున్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం, రేసు

నలుగురిలో ముగ్గురమే వచ్చాం. మందుల షాపు దోస్తుకు దగ్గరి బంధువుల పెళ్ళి. తెల్లవారక ముందే మా అత్తమ్మ లేచి అన్నం వండింది. "పైన గుడి కూడ లేదు, ఎందుకయ్యా అల్లుడా ఆ గుట్ట ఎక్కుడు దిగుడు" అంటూనే ముద్దలన్నీ తనే చుట్టింది.

6:30కి బయల్దేరాం. డిగ్రీ పిల్లగాడు మొదటి క్వారీ ఎక్కుడులోనే మాయమయ్యాడు, మళ్ళీ సాయంత్రమే చూశాను. నా మొదటి చుట్టు 1:38, రెండోది 1:44, మూడోది 1:52. అంతా లెక్క ప్రకారమే. రైల్వే అన్నకు మూడో చుట్టు చివర్లో రెండు తొడలూ పట్టేశాయి, చెట్టు కింద పడుకుని మజ్జిగ తాగుతూ చెయ్యి ఊపాడు. పదకొండు దాటాక ఎండ వీపు మీద తెలుస్తోంది. చెరువు కట్ట మీద గాలి ఎదురు. అయినా కాళ్ళు ఉన్నాయి.

నాలుగో చుట్టు క్వారీ దిగుడులో వెనక చక్రం ఒక బండరాయి అంచుకు తగిలింది. బుస్సుమని ఒక్కటే చప్పుడు. టైరు అంచు రిమ్ నుంచి జారి గాలంతా పోయింది. ఇలాంటప్పుడు లోపలున్న సీలెంట్ చిమ్మాలి, కాలికో చొక్కాకో తెల్లగా పడాలి. ఒక్క చుక్క పడలేదు. టైరు తెరిచి చూస్తే లోపలంతా పాల మీద మీగడ ఎండినట్టు పసుపుపచ్చ పొర. నవంబర్ 17న పోసింది అట్లాగే ఎండిపోయింది. రెండు మూడు నెలలకోసారి చూసుకోవాలని సీసా మీదే రాసుంది.

చేతి పంపుతో అంచు తిరిగి కూర్చోదు, దగ్గరున్న ట్యూబు వేయాల్సిందే. ట్యూబు సగం దూర్చాక గుర్తొచ్చింది, ఈ మూడు నెలల్లో దిగిన ముళ్ళన్నీ టైరులోనే ఉన్నాయి కదా. ఇన్నాళ్ళూ సీలెంట్ వాటిని కప్పుకుంటూ వచ్చింది. ట్యూబుకు ఆ దయ ఉండదు. మళ్ళీ బయటికి లాగి, నీడ లేని ఆ క్వారీలో కూర్చుని టైరు లోపల అంగుళం అంగుళం వేలితో తడిమాను. ముల్లు మొన వేలికి తగలగానే ఆగడం, గోరుతో పట్టుకుని లాగడం. రాకపోతే పంటితో. పల్లేరు ముళ్ళు పొట్టివి, విరిగి లోపలే ఉండిపోయి బయటికి కనిపించవు. పదిహేను ముళ్ళు తీశాను. రెండు వేళ్ళకు రక్తం. తీసినవి పడేస్తే మళ్ళీ నాకే గుచ్చుకుంటాయని ముద్దలు చుట్టిన సిల్వర్ కాగితంలో వేసుకున్నాను. మొత్తం 24 నిమిషాలు.

ఆ చుట్టు 2:20. వేపచెట్టు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం 2:04. బామ్మర్ది విజిల్ ఊది "రెండు గంటల ఇరవయ్యారు నిమిషాలున్నయ్ బావా, ఆగకు" అన్నాడు. ఆగలేదు. ఆఖరి చుట్టు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. క్వారీ సగం తోసుకుంటూ ఎక్కాను, ట్యూబు భయంతో పల్లేరు కనిపించిన చోటల్లా దిగి సైకిల్ ఎత్తుకుని నడిచాను. 2:14. ఊళ్ళోకి వచ్చేసరికి 4:18. మొత్తం 9 గంటల 48 నిమిషాలు. ఎక్కిన ఎత్తు 1,160 మీటర్లు. డిగ్రీ పిల్లగాడు 7 గంటల 55 నిమిషాల్లో ముగించి, స్నానం చేసి, మా అత్తగారింట్లో సర్వపిండి సగం ఖాళీ చేసి కూర్చున్నాడు.

ఫిబ్రవరి 16

వారం తొక్కలేదు. కింద కూర్చుని లేవడానికి గురువారం దాకా పట్టింది. బళ్ళో తొమ్మిదో తరగతి పిల్లలు సారుకు ఏమైందని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గాలి తగ్గడానికి వాల్వ్ కారణం కాదు, అది బిగుతుగానే ఉంది. వెనక చక్రం మొత్తం విప్పి ఎండిన రబ్బరు పొరంతా గోకి తీశాను, ఒక పిడికెడు వచ్చింది. కొత్త సీలెంట్ పోసి, మళ్ళీ లారీల షాపుకు పోయి, టప్ టప్. రిమ్ మీద మార్కర్‌తో 16-2-25 అని రాశాను. ఎండాకాలం కాబట్టి ఏప్రిల్ మొదట్లోనే మళ్ళీ చూడాలి.

ముందు చక్రం ఇంకా విప్పలేదు.