పదకొండు నిమిషాల మర్యాద

నిన్న రాత్రి నిద్ర పట్టక, 1950ల నాటి అమెరికా విద్యా చిత్రాలను ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ కూర్చున్నాను. కరోనెట్ వంటి సంస్థలు తరగతి గదుల కోసం తీసిన ఈ 16 మిల్లీమీటర్ల చిత్రాలలో చాలావాటి నిడివి పది, పదకొండు నిమిషాలే. 400 అడుగుల రీలులో పట్టేది అంతే మరి. ఒకదానిలో, రాత్రి భోజనానికి ముందు అమ్మాయి దుస్తులు మార్చుకుని వచ్చి, బల్ల మీద రుమాళ్లను అంచులు కలిసేలా మడిచి పెడుతుంది. తమ్ముడు తల్లి కూర్చునేదాకా ఆమె కుర్చీ వెనక నిలబడతాడు. భోజనాల దగ్గర గొడవలు తేవద్దని కనిపించని వ్యాఖ్యాత మెత్తగా హెచ్చరిస్తూనే ఉంటాడు. ఆఫీసు నుంచి అలసి వచ్చే తండ్రి కోసం ఆడవాళ్లు ముస్తాబై ఎదురుచూడాలనడం నాకు మింగుడుపడలేదు (వంట చేసి అలసిన తల్లి సంగతి ఎవరూ ఎత్తరు). అయినా, అందరూ కూర్చునేదాకా ఎవరూ చెంచా ముట్టని ఆ దృశ్యాన్ని వెనక్కి తిప్పి రెండుసార్లు చూశాను. ఇలాంటి చిత్రాలను పోగుచేసిన రిక్ ప్రెలింగర్ సేకరణను 2002లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తీసుకుంది కాబట్టి, అవి చెత్తబుట్ట పాలు కాకుండా నాదాకా వచ్చాయి.

ఈ పొద్దున ఫోన్ పక్కన పెట్టి, ఒక్కదాన్నే అయినా బల్ల తుడిచి, రుమాలు మడిచి టిఫినుకు కూర్చున్నాను. నా మడతలో అంచులు కలవలేదు.