ఒకటిన్నర రెండుసార్లు

అక్టోబరు చివరి ఆదివారం. నైట్ డ్యూటీ హ్యాండోవర్ అయిపోయి, కోటు వేసుకుని లిఫ్టు దగ్గర నిలబడ్డాను. వార్డ్ సిస్టర్ వెనక్కి పిలిచింది. ఆవిడ చేతిలో తొమ్మిదో బెడ్ పెద్దాయన చార్టు. జారిపడి తలకి దెబ్బ తగిలి వచ్చారాయన. అరగంటకోసారి కంటిపాపల్లో టార్చి వేసి చూడాలి, బీపీ, పల్స్ రాయాలి. ఒక్కటీ వదలకుండా రాశాను. 12.30, 1.00, 1.30, మళ్ళీ 1.00, మళ్ళీ 1.30, 2.00.

"ఇందులో ఏ ఒకటిన్నర ముందుది?" అంది.

"వరసలోనే ఉన్నాయి కదా సిస్టర్."

"అది నీకు తెలుసు. రేపు దీన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్ళకి? ఒక ఒకటిన్నరకి పాప మూడు మిల్లీమీటర్లు, ఇంకో ఒకటిన్నరకి నాలుగు అని ఉంటే, అది పెరుగుతోందా, తగ్గుతోందా? స్కాన్‌కి పంపాలా, వద్దా?"

ఇంగ్లండ్ వచ్చాక నాకదే మొదటి అక్టోబరు. వేసవికని గంట ముందుకి తిప్పిన గడియారాన్ని ఇక్కడ ఆ రాత్రి రెండింటికి మళ్ళీ గంట వెనక్కి తిప్పేస్తారు. ఆవిడ గొంతు పెంచలేదు. అందుకే ఇంకా మండింది. బస్సులో కూర్చుని, ఆవిడతో అనలేని మాటలన్నీ నాలో నేనే అనుకుంటూ పోయాను. రెండు కొట్టాల్సిన గడియారాన్ని ఒంటిగంటకి తిప్పింది మీరు. పన్నెండు గంటల డ్యూటీని పదమూడు చేసింది మీరు. తప్పు నాదా? మా దగ్గర ఒకటిన్నర రోజుకి రెండుసార్లే వస్తుంది, పగలొకటి, రాత్రొకటి. ఒకే రాత్రిలో రెండు రావు.

ఫోన్ తీస్తే అమ్మ మెసేజ్ ఉంది. "ఇప్పుడు టైమెంత అంటే ఒంటిగంటా పావు అన్నావు. ఇందాకా అదే అన్నావు. నిద్రపోతున్నావా ఏంటి తల్లీ?" బ్రేక్‌లో ఒకసారి, మందులు కలుపుతూ ఒకసారి జవాబిచ్చాను. రెండింటి పక్కనా నా ఫోన్‌లో 1.15 అనే ఉంది. అమ్మ ఫోన్‌లో మాత్రం ఒకటి 5.45, ఇంకోటి 6.45. అంటే ఆ రాత్రి నా వార్డులో ఏది ముందు జరిగిందో దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల మా అమ్మ ఫోన్‌కి తెలుసు, నా చార్టుకి తెలీదు! ఆ పాపల కొలతల్ని మన టైములో రాసి ఉంటే 5.30, 6.00, 6.30, 7.00, ఎవరికీ ఏ అనుమానం ఉండేది కాదు.

వారం రోజులు ఇదే రంధి. భూమి ఒక చుట్టు తిరగడానికి 24 గంటలు, చుట్టుకి 360 డిగ్రీలు, గంటకి 15. మన టైము 82.5 డిగ్రీల తూర్పు రేఖది. 15తో భాగిస్తే ఐదున్నర. 1906 నుంచి అదే లెక్క. ఆ రేఖల లెక్క మొదలయ్యే సున్నా డిగ్రీ వీళ్ళ లండన్‌లోని గ్రీన్విచ్‌లో ఉండాలని 1884లో వాషింగ్టన్‌లో 22 దేశాలు ఓటేశాయి. మన సిద్ధాంత గ్రంథాలకి అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే ఉజ్జయిని రేఖ ఉందనుకోండి, మనల్ని అడిగిందెవరు? అప్పుడు ఓటెయ్యకుండా ఊరుకున్న ఫ్రాన్సు 1911 దాకా అలిగింది. చివరికి దిగొచ్చినా, చట్టంలో గ్రీన్విచ్ పేరెత్తకుండా 'పారిస్ టైముకి 9 నిమిషాల 21 సెకన్లు తక్కువ' అని రాసుకుంది. ఆ మాట చదివి నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అసలు నాకు అర్థం కానిది ఇదీ. ప్రపంచానికంతటికీ గ్రీన్విచ్ టైము ఇచ్చినవాళ్ళు ఏడాదిలో ఏడు నెలలు ఆ టైములో ఉండరు. విలియం విల్లెట్ అనే బిల్డరు, వేసవి తెల్లవారుజామున వెలుగంతా వృథాగా పోతుంటే జనం పడుకుని ఉంటున్నారని బాధపడి, 1907లో గడియారం ముందుకి తిప్పమన్నాడు. చట్టం 1916లో, యుద్ధం మధ్యలో వచ్చింది. అప్పటికి ఆయన పోయి ఏడాది.

సెలవు రోజు గ్రీన్విచ్ కూడా వెళ్ళాను. నేల మీది గీతకి అటో కాలు ఇటో కాలు వేసి ఫోన్‌లో రేఖాంశం చూస్తే సున్నా కాదు. ఫోన్ చెప్పే సున్నా అక్కడికి 102 మీటర్లు తూర్పున, పార్కులో ఉంది. పాతకాలం వాళ్ళు పాదరసపు పళ్ళెం పెట్టి నిట్టనిలువు దిక్కు పట్టుకున్నారు. భూమి నున్నటి బంతి కాదు, లోపల బరువు కూడా అంతటా ఒక్కలా లేదు. అందుకే అక్కడి నిలువు భూకేంద్రానికి సూటిగా పోదు, రవ్వంత పక్కకి పోతుంది. చూశారా, మీ గీతే పక్కకుంది, నా చార్టుని అంటారేం అనిపించింది.

డిసెంబరు వచ్చాక ఆ పౌరుషం కాస్త తగ్గింది. చీకట్లో డ్యూటీకి వెళ్ళి చీకట్లో తిరిగొస్తున్నాను. 55 డిగ్రీల అక్షాంశంలో అప్పుడు పగలంటే ఏడు గంటలు, జూన్‌లో పదిహేడు. భూమి 23.4 డిగ్రీలు ఒరిగినందుకు ఇక్కడివాళ్ళు కట్టే పన్ను అది. 17 డిగ్రీల దగ్గర పుట్టినదాన్ని, చలికాలం పగలు పదకొండు గంటలుంటేనే పొద్దు చిన్నదైపోయిందనేదాన్ని. అటూ ఇటూ జరపడానికి మాకు అంత వెలుగు తేడా ఎక్కడుంది? పైగా మనమూ 1942 నుంచి 45 దాకా గడియారం గంట ముందుకి పెట్టినవాళ్ళమే. అస్సాం తేయాకు తోటల్లో ఇవాళ్టికీ తోట టైము అని ఒకటి, గంట ముందుంటుంది. అక్కడ కూలికి వెళ్ళేవాళ్ళు రోజూ రెండు టైములు మోస్తున్నారు. నాది ఏడాదికి ఒక్క రాత్రి.

ఈ ఏడాది కూడా ఆ రాత్రి డ్యూటీ నాకే పడింది. మొదటి 1.30 పక్కన వేసవి టైముకి గుర్తుగా బీఎస్‌టీ, రెండోదాని పక్కన గ్రీన్విచ్ టైముకి గుర్తుగా జీఎంటీ అని స్పష్టంగా రాశాను. మార్జిన్‌లో పెన్సిల్‌తో, చిన్న అంకెల్లో, 6.00, 7.00 అని కూడా వేశాను. పొద్దున్న సిస్టర్ చూసింది.

"ఇవేంటి?"

"మా అమ్మ టైము."

"చెరిపెయ్" అంది.

చెరిపేశాను.