భీమవరం చెరువు నుంచి హైదరాబాద్ ల్యాబ్‌కు చేప వైరస్ శాంపిల్: నా అనుభవం

తిలాపియా చేపలో ‘తిలాపియా లేక్ వైరస్’ అనే, చేపల్ని చంపే వైరస్ ఉందో లేదో తేల్చడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. అసలు పరీక్ష పార్సిల్ కౌంటర్ దగ్గరే. ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

చెరువు దగ్గర పని తేలికే. చచ్చి తేలిన చేప వద్దు, వెచ్చటి నీళ్లలో దాని కాలేయం గంటల్లోనే పాడైపోతుంది. కళ్లు తెల్లబడి, ఒంటి మీద ఎర్రగా కమిలి, గట్టు వెంట నీరసంగా తిరిగే చేపను పట్టాలి. లవంగ నూనె నీళ్లలో మత్తెక్కించి కాలేయం, మెదడు, మూత్రపిండం, ప్లీహం తీయాలి. హిస్టాలజీకైతే, అంటే మైక్రోస్కోపు కింద కణాలు చూడాలంటే, ముక్కకు పది రెట్ల 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ పోయాలి. రైతులు పాపం మంచి మనసుతో ఫ్రీజర్‌లో దాచి ఇస్తారు. మంచు స్ఫటికాలకు కణాలు చిట్లిపోయి ఆ ముక్క హిస్టాలజీకి పనికిరాదు. ఆ పక్కనే చెరువులో యాంటీబయాటిక్ బస్తా కుమ్మరిస్తుంటారు. వైరస్‌కు అది పనిచేయదని చెప్పినా, మందుల షాపువాడి మాటే వేదం.

ఇక పార్సిల్. ఇది పీసీఆర్‌కు, అంటే వైరస్ జన్యువును వెతికే పరీక్షకు; దానికి ముక్క గడ్డకట్టినా ఫర్వాలేదు, అందుకే డ్రై ఐస్. డ్రై ఐస్ మైనస్ 78.5 డిగ్రీల చల్లదనం. అది కరిగి నీరవదు, నేరుగా కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారుతుంది. అందుకే పెట్టెకు గాలి పోయే సందు ఉండి తీరాలి. మూత బిగించిన ట్యూబు, దాని చుట్టూ దూది, లీకు కాని రెండో డబ్బా, బయట గట్టి పెట్టె. డ్రై ఐస్ రెండో డబ్బాకీ బయటి పెట్టెకీ మధ్యే పెట్టాలి, డబ్బా లోపల ఎప్పుడూ పెట్టకూడదు. పైన రోగ పరీక్ష శాంపిల్ అని చెప్పే యూఎన్ 3373, డ్రై ఐస్‌కు యూఎన్ 1845 లేబుళ్లు. అన్నీ పద్ధతి ప్రకారం చేసుకుని వెళ్లాను.

లేబుల్ చూడగానే కౌంటర్ కుర్రాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. “వైరసా సార్? మాకొద్దు.” ఇది చేపలకు తప్ప మనుషులకు అంటదని చెప్పాను. లోపలి నుంచి మేనేజర్ వచ్చి పశుసంవర్ధక శాఖ ఎన్‌ఓసీ అడిగాడు. చేపలు చూసేది మత్స్యశాఖ కదండీ అంటే, “రెండూ తెండి” అన్నాడు. వెనకాల క్యూలో జనం నన్నేదో బాంబు తెచ్చినవాడిలా చూస్తున్నారు. అదే సమయంలో పక్కనే నీళ్లు కారుతున్న రొయ్యల థర్మోకోల్ పెట్టెలు వరసగా హైదరాబాద్ బండెక్కుతున్నాయి! వాటిలో ఏ వైరస్ ఉందని ఎవరడిగారు?

చివరికి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. వాసన రాకూడదట. నేను చూస్తుండగానే కుర్రాడు బ్రౌన్ టేప్ తీసి పెట్టె అన్ని అంచులూ గట్టిగా చుట్టేశాడు. అలా మూసేస్తే గ్యాస్ పోయే దారి లేక పెట్టె పేలుతుంది. టేప్ పీకేస్తే మళ్లీ చుట్టాడు. “మీరు చదువుకున్నోళ్లు సార్, మేం రోజూ చేసేవాళ్లం” అన్నాడు. పెట్టె చంకన పెట్టుకుని వచ్చేశాను.

మీరు ఆ గొడవలోకి దిగకండి. పీసీఆర్ కోసమైతే ఆర్‌ఎన్‌ఏలేటర్ చాలు; అది ముక్కలోని ఆర్‌ఎన్‌ఏ (వైరస్ జన్యు పదార్థం) పాడవకుండా కాపాడే ద్రావణం. ముక్క మందం అర సెంటీమీటర్ దాటకూడదు, దాటితే ద్రావణం లోపలికి ఇంకదు. ముక్కకు ఐదు రెట్ల ద్రావణం పోసి రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచాలి. ఆ తర్వాత 25 డిగ్రీల్లో వారం, 37 డిగ్రీల్లో ఒక రోజు ఆగుతుంది. హైదరాబాద్ ఎండలకు మాత్రం ఆ ఒక రోజును నమ్మొద్దు, రెండు జెల్ ప్యాక్‌లు వేయండి. వైరస్‌ను బతికించి సెల్ కల్చర్‌లో (ల్యాబ్‌లో పెంచే కణాల్లో) పెంచాలంటే ఆర్‌ఎన్‌ఏలేటర్ పనికిరాదు. యాంటీబయాటిక్ కలిపిన ఎల్-15 అనే పోషక ద్రవంలో వేరే ముక్క వేసి, ఐసు మీద మనిషి చేతికిచ్చి పంపాలి. ఇక ఏ కౌంటర్‌నూ నమ్మను.

ల్యాబ్ పని ఒక్క ముక్కలో: 50 నుంచి 100 మిల్లీగ్రాముల ముక్కకు ఆర్‌ఎన్‌ఏను బయటికి తీసే ట్రైజాల్ 1 మిల్లీలీటర్, 0.2 మిల్లీలీటర్ క్లోరోఫాం, ఆపై సెంట్రిఫ్యూజ్‌లో 4 డిగ్రీల్లో 12,000 జీ వేగంతో 15 నిమిషాలు తిప్పాలి. చేప సొంత జన్యువైన బీటా-ఆక్టిన్ బ్యాండ్ (జెల్ మీద గీత) రాకపోతే వైరస్ లేదని రాయొద్దు, ఆర్‌ఎన్‌ఏ సరిగా రాలేదనో పరీక్షే దెబ్బతిందనో అర్థం. మాకు సెమీ-నెస్టెడ్‌లో, అంటే రెండు దశల పీసీఆర్‌లో, వైరస్ ఉందని చెప్పే 415, 250 బేస్ జతల బ్యాండ్లు రెండూ కత్తితో గీసినట్టు వచ్చాయి. 

సీక్వెన్సింగ్‌కు (జన్యు అక్షరాలు చదివించడానికి) ఆ పీసీఆర్‌లో తయారైన వైరస్ జన్యువు నకళ్లనే కొరియర్ చేశాం. దాని గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.