నాన్న పక్షవాతానికి స్టెమ్ సెల్స్ ఎక్కించాలా వద్దా: నా అనుభవం

స్ట్రోక్ వచ్చిన కొన్ని నెలలకు నాన్న కర్ర పట్టుకుని నడవగలిగారు కానీ, ఎడమ చెయ్యి మాత్రం లేవలేదు. వేళ్లు ఎంతగా బిగుసుకుపోయాయంటే, అరచేతిలో గోళ్లు దిగకుండా అమ్మ గుడ్డ చుట్టి పెట్టేది. అప్పుడే బాబాయి ఒక ప్రైవేటు క్లినిక్ సంగతి చెప్పాడు. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని స్టెమ్ సెల్స్ (కొత్త కణాలుగా మారగల మూలకణాలు) వేరుచేసి వెన్నులోకి ఎక్కిస్తారట. ప్యాకేజీ లక్షల్లో ఉంది. ఊళ్లో స్థలం అమ్మేద్దామన్నాడు అన్నయ్య.

నాకు మనసొప్పక, నాన్నను మొదటి నుంచీ చూస్తున్న న్యూరాలజిస్టుకి ఆ కాగితాలు చూపించాను. "ఇలాంటిది మన దేశంలోనే పరీక్షించి చూశారమ్మా" అన్నారాయన. ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో 5 ఆసుపత్రుల్లో 120 మందితో జరిగిన ట్రయల్ అది, ఫలితాలు 2014లో వచ్చాయి. కొందరికి వాళ్ల మూలుగ కణాలనే రక్తనాళంలోకి ఎక్కించారు, మిగతావాళ్లకు మామూలు వైద్యమే. ఆరు నెలలకు చూస్తే, ఎవరి పనులు వాళ్లు చేసుకోవడంలో రెండు గుంపులకూ తేడా లేదు. హాని కనపడలేదు, మేలూ కనపడలేదు.

"మరి వాళ్ల వీడియోల్లో లేచి నడుస్తున్నారు కదండీ?" అనడిగాను.

"మొదటి నెలల్లో మెదడు తనంతట తానే కొంత కోలుకుంటుంది. మీ నాన్నగారు నడుస్తున్నది ఏ కణాలు ఎక్కించామని?"

ఆ మాటతో నాకు చాలావరకు స్పష్టత వచ్చింది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి జబ్బులకు స్టెమ్ సెల్స్ అనుమతి ఉన్న ట్రయల్‌లోనే వాడాలని, అందులో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదని కూడా ఆయనే చెప్పారు. క్లినిక్‌కి ఫోన్ చేసి సీటీఆర్ఐ (మన దేశంలో జరిగే ట్రయల్స్ నమోదుచేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం అడిగాను. "అవన్నీ డాక్టరుగారు చూసుకుంటారు మేడమ్, ఈ వారం అడ్వాన్సు కడితే తగ్గింపు ఉంది" అన్నారు. ఇక అటు వెళ్లకూడదనుకున్నాను.

ఇంట్లో ఒప్పించడమే కష్టమైంది. "తండ్రి కంటే స్థలం ఎక్కువైందా?" అన్నాడు బాబాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే నాన్నకు అన్నీ వివరంగా చెప్పాను. చెయ్యి ఆయనది, తేల్చాల్సిందీ ఆయనే కదా.

"పనిచేస్తుందని రుజువైందా?"

"ఇంకా లేదు నాన్నా."

"అయితే వద్దు. ఫిజియో అబ్బాయిని రోజూ రమ్మను."

బిగుతు తగ్గడానికి చేతికి బొటాక్స్ ఇంజెక్షన్లు ఇప్పించాం. తర్వాత వ్యాయామాలు బాగా సాగాయి. ఇప్పుడు ఎడమ చేత్తో కంచం ఆపి పట్టుకుని, కుడి చేత్తో కలుపుకుని తింటున్నారు.

సీటీఆర్ఐ వెబ్‌సైటులో కొత్త ట్రయల్స్ వచ్చాయేమోనని అప్పుడప్పుడూ చూస్తుంటాను. అది ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. స్ట్రోక్ వచ్చి ఎన్నాళ్లయింది, ఏ రకం స్ట్రోక్ అన్నవి అర్హతల్లోనే ఉంటాయి కాబట్టి ముందు ఆ భాగమే చదవండి. నాన్నకు సరిపడేది కనిపిస్తే మాత్రం, ఆ వివరాలు తీసుకుని మళ్లీ అదే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తాం.