బ్రిసాక్ కోటలో ఒక రాత్రి, నా బుస్సీ గోల

మా అమ్మాయి ఈ కోటలో గది నాకు చెప్పకుండానే బుక్ చేసేసింది, చెబితే ఒప్పుకోనని తెలుసు కదా. ఒక్క రాత్రికి కట్టిన యూరోలు రూపాయల్లోకి మార్చుకుంటే మా ఇంటికి రెండు నెలల సరుకులొస్తాయి. పైగా ఆదివారం. ఆదివారం పూట ఫ్రాన్సులో పల్లెకి బస్సులో వెళ్దామనుకునేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు, మమ్మల్నే అనాలి. ఆంజే స్టేషన్ దగ్గర ఎండలో గంటకి పైగా నిలబడ్డాం, బోర్డు మీద ఒక టైము, ఫోన్లో ఇంకో టైము, బస్సు మాత్రం రెండిటికీ రాలేదు. క్యాబ్ ఎక్కుదామమ్మా అని అది, పదిహేను, ఇరవై కిలోమీటర్లకి క్యాబేంటే డబ్బులు చెట్లకి కాస్తున్నాయా అని నేను. చివరికి బస్సొచ్చింది గానీ ఇద్దరం చెరో కిటికీ దగ్గర కూర్చున్నాం, మాటల్లేవు. పోన్-ద-సే దగ్గర వరసగా వంతెనలొచ్చాయి, లువార్ నది దాటాం, నేను కోపంలో ఉండి సరిగా చూడనేలేదు.

దిగి నడుస్తుంటే చెట్ల వెనక నుంచి కోట పైకి లేచింది చూడండి, కోపం దానంతటదే పోయింది. ఏడంతస్తులు, 204 గదులు, ఫ్రాన్సులో ఇంత ఎత్తు కోట ఇంకోటి లేదట. కానీ దగ్గరికెళ్ళాక నాకు అనుమానమొచ్చింది, ఏదో తేడాగా ఉందే అని. రెండు పక్కలా లావుపాటి పాత గుండ్రటి బురుజులు, మధ్యలో నగిషీ చెక్కిన కొత్త గోడ. ఆ గోడ ఎడం బురుజు దగ్గరికొచ్చేసరికి నగిషీ సగంలో ఆగిపోయింది, రాతి స్తంభం పక్కనే మొరటు గోడ. మేస్త్రీ మధ్యాహ్నం అన్నానికెళ్ళి మళ్ళీ రాలేదేమో అన్నట్టుంది.

గైడమ్మాయి చెప్పిన కథ అదే. 1502లో కొసే కుటుంబం కొన్నారు, అప్పట్నుంచి ఇప్పటిదాకా వాళ్ళదే. క్యాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ జరిగిన మత యుద్ధాల్లో కోట బాగా దెబ్బతింది. షార్ల్ ద కొసే అనే ఆయన 1594లో పారిస్ తలుపులు రాజు నాలుగో హెన్రీకి తెరిచినవాడు, 1611లో డ్యూక్ అయ్యాడు, ఇక పాతదంతా పీకేసి బ్రహ్మాండంగా కట్టాలనుకున్నాడు. 1621లో పోయాడు. కొత్తది పూర్తవలేదు, పాత బురుజులు కూలగొట్టడమూ పూర్తవలేదు. సగం కూలిన పాత కోటలో సగం కట్టిన కొత్త కోట అని వాళ్ళే చెప్పుకుని నవ్వుకుంటారట. మా వీధిలో గృహప్రవేశం అయి పదేళ్ళైనా పై అంతస్తు ఇనప చువ్వలు అలాగే ఉన్న ఇళ్ళు గుర్తొచ్చి నేనూ నవ్వాను.

పదమూడో లూయీ రాజు గది చూపించారు. 1620లో తల్లి మరీ ద మెడిచీకి, కొడుకు లూయీకి యుద్ధమే జరిగింది, ఆగస్టు 7న, మేము బస్సులో దాటిన ఆ పోన్-ద-సే వంతెనల దగ్గరే. తర్వాత తల్లీకొడుకులు ఈ కోటకొచ్చి రాజీపడ్డారట. గైడు ఇది చెబుతుంటే అమ్మాయి నా వైపు చూసి పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. నేను పైకప్పు రంగులు చూస్తున్నట్టు నటించాను.

రాత్రి మాకిచ్చిన గదిలో పందిరి మంచం. ఇలా సొంతింట్లో గదులు అద్దెకివ్వడాన్ని చాంబ్ర్ దోత్ అంటారు, చట్టం ప్రకారం ఐదు గదులు మించకూడదు, పదిహేను మంది మించకూడదు, పొద్దున టిఫిను అద్దెలోనే. డ్యూకులకి ఈ అద్దెలెందుకే అంటే, పైకప్పు బాగుచేయించాలి కదమ్మా అంది. అది నిజమే, మా నాలుగు గదుల పెంకుటింటికే వానాకాలం ముందు పెంకు సర్దించాలంటే మా ఆయన పది రోజులు విసుక్కునేవాడు. ఫ్రెంచి విప్లవంలో ఈ ఇంటిని దోచేశారు, అప్పటి డ్యూకుని 1792లో వెర్సాయ్‌లో చంపేశారు, తర్వాతెప్పుడో చక్కెర మిల్లుల వాళ్ళమ్మాయి జాన్ సే కోడలిగా వచ్చి, గొంతు బాగుంటుందని కోటలోనే రెండో అంతస్తులో తను పాడుకోవడానికి నాటకశాల కట్టించుకుంది. డబ్బున్న కోడలంటే అలా ఉండాలి. ఇంకో ఆకుపచ్చ చీరామె, సారీ, గౌనామె దయ్యంగా తిరుగుతుందని కూడా చెప్పారు, మొగుడు చంపేసిన షార్లట్ అట. అర్ధరాత్రి కిటికీ తలుపు టపటపా కొట్టుకునేసరికి అమ్మాయి నా దుప్పట్లోకి దూరిపోయింది.

అసలు చెప్పాల్సింది మర్చిపోయాను. మాది బొబ్బిలి. ఫ్రెంచి దొరల కోటలో ఉండి, మా కోట మీదకొచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ గురించి అడక్కుండా ఎలా ఉంటాను? టూర్ అయ్యాక అమ్మాయి చేత గైడుని అడిగించాను, బుస్సీ తెలుసా అని. ఆమె ముఖం వెలిగిపోయింది. ఓ బుస్సీ, తెలీకేం, ఇక్కడే ఆంజూ గవర్నరుగా ఉన్నాడు, పెద్ద కత్తి వీరుడు, పరాయి భార్య జోలికెళ్ళి 1579లో ఆమె మొగుడి చేతిలో చచ్చాడు అంది. నాకు తల తిరిగింది. మా బుస్సీ బొబ్బిలి మీదకొచ్చింది 1757 జనవరిలో కదా, ఈయన అప్పటికి చచ్చి దాదాపు రెండొందలేళ్ళు. ఇది బుస్సీ దాంబ్వాజ్ అట, వేరే ఆయన. మరి మా బుస్సీ, పాండిచ్చేరిలో 1785లో పోయినాయన? ఆమె తల అడ్డంగా ఊపింది, ఎప్పుడూ వినలేదట.

మా బొబ్బిలి కోట మొత్తం తగలబడి, ఆడవాళ్ళని ఇంట్లోవాళ్ళే చంపుకున్న రోజుని మా తాత బుర్రకథలో చెబుతుంటే ఊరంతా ఏడ్చేది. బుస్సీ సొంత దేశంలో బుస్సీ పేరే తెలీదా అని పొద్దున బస్టాపు దాకా సణుగుతూనే ఉన్నాను. బస్సు టైముకే వచ్చింది, వింత. ఈసారి పక్కపక్కనే కూర్చున్నాం. కాసేపయ్యాక అమ్మాయి మెల్లిగా అడిగింది, "అమ్మా, ఏమీ అనుకోకు, నువ్వు చెప్పావని అడిగేశా గానీ, అసలు ఆ బుస్సీ ఎవరు?"

హైదరాబాదులో పెంచాను దీన్ని. మొదట్నుంచీ మొదలుపెట్టాల్సి వచ్చింది, విజయనగరం విజయరామరాజు, మా బొబ్బిలి రాజు రంగారావు, ఆయన తమ్ముడు వెంగళరావు, అందర్నీ. తాండ్ర పాపారాయుడు రాత్రిపూట విజయరామరాజు గుడారంలోకి దూరేసరికి బస్సు పోన్-ద-సే వంతెన మీదుంది. "ఆగమ్మా, ఆగు, కత్తి ఎక్కడ దాచుకున్నాడు?" అంటోంది.