మర్రంబిడ్జీ కాలవ నీళ్ళతో సంక్రాంతి కలశం

గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి ।
నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు ॥

ఏ పూజ మొదలుపెట్టినా కలశం దగ్గర చదివే శ్లోకమే ఇది. చెంబులో నీళ్ళు పోసి, గంధం, అక్షతలు, ఓ పువ్వు వేసి, కుడి చెయ్యి మూతలా పెట్టి గబగబా చదివేసి తర్వాతి మంత్రానికి వెళ్ళిపోతాం. కోనసీమలో ఉన్నంతకాలం దీని దగ్గర ఆగి ఆలోచించే పని నాకు పడలేదు. చెంబులో ఉన్నది ఎలాగూ గోదావరి నీళ్ళే కదా.

ఆస్ట్రేలియా వచ్చాక, అందులోనూ సిడ్నీ వదిలి ఈ పల్లెల వైపు వచ్చాక, ఒక సంక్రాంతి పూట ఈ శ్లోకం చదువుతుంటే నాకు ఒక సంగతి తట్టింది. ఈ ఏడు నదులూ కలిసి పారే ఊరు భూమ్మీద ఎక్కడా లేదు. కాశీలో గంగ మెట్ల మీద కూర్చుని చదివేవాళ్ళకీ గోదావరి దూరమే, కావేరి దూరమే. అంటే ఈ శ్లోకం చదివే ప్రతి ఒక్కరూ ఏదో ఒక నదికి దూరంగా ఉన్నవాళ్ళే. మనవాళ్ళు దూరాన్ని లెక్కలోకి తీసుకునే దీన్ని కట్టారు. "నేను రాలేను, మీరే రండి తల్లీ, ఈ చెంబులో ఉన్న నీళ్ళలోకే రండి" అని పిలవడం ఇది. చెంబులో నీళ్ళు ఎక్కడివి, ఏ నదివి అని అడగదు. అది తెలిశాక, అంతకుముందు పండగ వస్తే గుండెల్లో పట్టుకునే దిగులు నాకు చాలా వరకు తగ్గింది.

మేముండేది లీటన్ అనే చిన్న ఊరు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో రివరీనా అంటారు ఈ ప్రాంతాన్ని. సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్‌లో 1985 నుంచీ ఉన్న వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాలంటే ఆరు గంటల పైనే కారు నడపాలి. కాబట్టి ఏడాదిలో చాలా పండగలు ఇంట్లోనే, లేకపోతే పక్క ఊళ్ళ తెలుగువాళ్ళతో కలిసి అద్దెకు తీసుకున్న హాల్లో. మా వారిది బియ్యం మిల్లులో ఉద్యోగం, నాది వృద్ధులను చూసుకునే ఏజ్డ్ కేర్ హోమ్‌లో.

బియ్యం మిల్లు అంటే నమ్మని చుట్టాలు ఉన్నారు మాకు. ఎడారి దేశంలో వరేమిటి అంటారు. కానీ ఇక్కడ వరి వందేళ్ళ నుంచీ ఉంది. ముర్రే నది పక్కన స్వాన్ హిల్ దగ్గర జో తకసుకా అనే జపాన్ ఆయన వరదలు ముంచే నేలలో ఏళ్ళ తరబడి తంటాలు పడి 1914లో అమ్మకానికి సరిపడా మొదటి పంట తీశాడు. తర్వాత పదేళ్ళకు లీటన్ చుట్టుపక్కల వరి మొదలైంది. నీళ్ళేమో మర్రంబిడ్జీ అనే నదివి. బరిన్‌జక్ ఆనకట్ట పని 1907లో మొదలుపెట్టి, 1912 నుంచి కాలవలకు నీళ్ళు వదిలారు. ఆ కాలవల కోసమే కట్టిన ఊరు లీటన్. మా కుళాయి తిప్పితే వచ్చేవీ శుద్ధి చేసిన ఆ కాలవ నీళ్ళే.

గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు, మర్రంబిడ్జీ పొడవు 1,485. అది పడమటి కొండల్లో పుట్టి తూర్పుకు వెళ్తుంది, ఇది తూర్పు కొండల్లో పుట్టి పడమటికి వస్తుంది. మా ఊళ్ళో ఎండాకాలం కాలవ కట్టేసినట్టే ఇక్కడ చలికాలం కాలవ కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలిన రోజు గట్టు మీద నిలబడి చూస్తే, ముందు ఎండుటాకులూ నురగా కలిసిన ఎర్రటి నీటి అంచు నెమ్మదిగా పాక్కుంటూ వస్తుంది. చిన్నప్పుడు తాతయ్య వేలు పట్టుకుని చూసిన నీళ్ళు అచ్చం ఇలాగే వచ్చేవి.

సంక్రాంతి దగ్గరికి వద్దాం. ఇక్కడ జనవరి అంటే మండు వేసవి. 40 డిగ్రీలు దాటడం మామూలే. పీటల మీద కూర్చుని సంకల్పంలో "హేమంత ఋతౌ" అన్నప్పుడు ఏసీ శబ్దం వినిపిస్తూ ఉంటుంది. గ్రీష్మం అని మార్చి చెప్పే ఇళ్ళు కూడా ఉన్నాయి ఇక్కడ. వీడియో కాల్‌లో పూజ చేయించే మా పురోహితులు గారిని అడిగితే, "ఋతువు మాసాన్ని బట్టి చెప్పేది అమ్మా, పుష్యమాసం పుష్యమాసమే, అలాగే చెప్పుకో. ఊరు, నది మాత్రం నువ్వు కూర్చున్నవే చెప్పు" అన్నారు. మాకు ఆ మాట నచ్చింది. అప్పటినుంచీ కృష్ణా గోదావరుల మధ్య దేశం అనే చోట మర్రంబిడ్జీ నదీ తీరం అని చెప్పుకుంటున్నాం. "మేరోర్దక్షిణ దిగ్భాగే" మార్చక్కర్లేదు, మేరువుకు దక్షిణాన ఉన్నామన్నది ఇక్కడ మరీ నిజం.

ఇక ఉత్తరాయణం. సూర్యుడు ఉత్తరానికి మళ్ళితే మనకు పొద్దు పెరుగుతుంది, ఇక్కడ పొద్దు తగ్గుతుంది. మనకు దగ్గరయ్యే సూర్యుడు వీళ్ళకు దూరమవుతాడు. మరి మీకు పండగేమిటి అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. నేను మ్యాప్ తీసి చూపించాను. మకరరేఖ ఆస్ట్రేలియా మధ్యలోంచి పోతుంది. క్వీన్స్‌లాండ్‌లో రాక్‌హాంప్టన్, లాంగ్‌రీచ్ ఊళ్ళు దాని మీదే ఉన్నాయి. డిసెంబరు చివర్లో సూర్యుడు ఆ ఊళ్ళ నడినెత్తికి వచ్చి అక్కడినుంచే ఉత్తరానికి తిరుగుతాడు. రాశి లెక్కలో మకర ప్రవేశం జనవరి మధ్యకు జరిగింది గానీ, ఆకాశంలో ఆయన వెనక్కి మళ్ళే గీత ఈ నేల మీదే ఉంది. మన దేశానికి వెలుగు తీసుకెళ్ళడానికి ఆయన బయల్దేరేది ఇక్కడినుంచి అనుకుంటే, వీడ్కోలు చెప్పే భాగ్యం మాది. పొద్దున్నే తూర్పుకు తిరిగి అర్ఘ్యం ఇస్తాం. మా ఊళ్ళో అయితే సూర్యుడు పైకి వస్తూ కుడి చేతి వైపు జరిగేవాడు, ఇక్కడ ఎడమ చేతి వైపు జరుగుతాడు. మొదట్లో కాస్త కంగారుగా ఉండేది. ఇప్పుడు అటే చూడడం అలవాటైంది.

భోగి మంట వెయ్యం. ఇది మాత్రం అందరికీ చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్ళు తెలియక టెన్షన్ పడుతుంటారు. అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా ఈ రాష్ట్రంలో కార్చిచ్చుల కాలం. ఎండా గాలీ ఎక్కువగా ఉన్న రోజు టోటల్ ఫైర్ బ్యాన్ పెడతారు, ఆరుబయట నిప్పు రవ్వ కూడా రాజెయ్యకూడదు. 2019-20 వేసవిలో ఈ దేశం ఎలా తగలబడిందో చూసినవాళ్ళం. ఆ భోగినాడు ఆకాశం పొగతో మసకబారి ఉంది. మా వీధిలోనే మంటలార్పే రూరల్ ఫైర్ సర్వీస్ వాలంటీర్లు ఇద్దరు ఉన్నారు. జీతం లేదు, సొంత పొలం పని ఆపుకుని మంటల మీదికి వెళ్తారు. అలాంటి ఊళ్ళో ఆచారం అంటూ పెరట్లో మంట వెయ్యడానికి నాకు మనసొప్పదు, పర్మిట్ దొరికే రోజైనా సరే. అగ్నిని దేవుడిగా కొలిచే మనకు ఆయన ఉగ్రరూపం ఎదురుగా ఉన్నప్పుడు తగ్గి ఉండడం కూడా కొలవడమే. పూజగదిలో ఆవునేతి దీపం వెలిగించి, "అగ్నిమీళే పురోహితం" చదువుకుని, ఆ వాలంటీర్ల ఇళ్ళకు అరిసెలు పంపిస్తాం. మాకు భోగి అంటే ఇదే. మా పక్క ఊరి పంజాబీవాళ్ళు కూడా భోగి లాంటి తమ లోహ్రీ మంటల పండగ ఇలాగే లోపల దీపంతో చేసుకుంటారు.

మంట లేదన్న లోటు గొబ్బెమ్మలు తీరుస్తాయి. ఊరి బయట ఆవుల్ని పెంచే రైతు దగ్గర పేడ అడిగి తెచ్చుకుంటాం. జనవరిలో గుమ్మడి తీగలు విరగబూస్తాయి ఇక్కడ. ఎండ ఎక్కకముందే కోసిన పసుప్పచ్చటి గుమ్మడి పువ్వు, లోపల పుప్పొడి ఇంకా తడిగా ఉండగానే గొబ్బెమ్మ మీద పెడితే, ఆ నిండుదనం చూసి తీరాలి. బంతిపూలకూ కొదవ లేదు. కలశానికి మామిడాకులు దొరకవు, చలికాలపు మంచుకు చెట్టు బతకదు. పెరట్లో నారింజ ఆకులు పెడతాం. విమానంలో ఆకులు, గింజలు, పిడకలు తెచ్చుకోవడం ఇక్కడి చట్టం ఒప్పుకోదు, ఎవరూ ప్రయత్నించొద్దు. భోగిపళ్ళకు రేగుపళ్ళు ఉండవు కాబట్టి ద్రాక్షపళ్ళు, చిల్లర, పూలరేకులు కలిపి పిల్లల తలల మీద పోస్తాం. క్వీన్స్‌లాండ్ ఉత్తరాన టౌన్స్‌విల్ వైపు మన రేగు విపరీతంగా పెరిగి దాన్ని కలుపు చెట్ల జాబితాలో చేర్చారు.

కలశంలో నీళ్ళు పోసేటప్పుడు నాకు ఇంకో శ్లోకం కూడా గుర్తొస్తుంది. గోదావరి జిల్లాల వాళ్ళకు తెలిసే ఉంటుంది.

నిత్య గోదావరీ స్నాన పుణ్యదో యో మహామతిః ।
స్మరామ్యాంగ్లేయదేశీయం కాటనుం తం భగీరథమ్ ॥

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి రోజూ గోదావరి స్నానం చేసే పుణ్యం కలిగించిన కాటన్ దొరను భగీరథుడని తలుచుకునే శ్లోకం. ఆయన మతం వేరు, దేశం వేరు. అయినా మన స్నానాల దగ్గర, తర్పణాల దగ్గర పెద్దలు ఆయన పేరు చెప్పుకున్నారు. నీళ్ళిచ్చినవాడి పేరు పూజలో ఉండాలన్నది మా జిల్లా సంస్కారం.

ఇక్కడి నీళ్ళకూ భగీరథులు ఉన్నారు. మంచు కొండల నీటిని సొరంగాల్లో మళ్ళించి పడమటి పొలాలకు తెచ్చిన స్నోయీ మౌంటెన్స్ పథకం 1949లో మొదలై 1974లో పూర్తయింది. 16 పెద్ద ఆనకట్టలు, సుమారు 145 కిలోమీటర్ల సొరంగాలు. పనిచేసినవాళ్ళు లక్ష మందికి పైగా, వాళ్ళలో ఎక్కువమంది యుద్ధం తర్వాత 30కి పైగా దేశాల నుంచి వలస వచ్చినవాళ్ళు. 121 మంది పనిలోనే చనిపోయారు. మా హోమ్‌లో ఉండే ఒక ఇటలీ పెద్దాయన ఆ సొరంగాల్లో చేసినవారు. ఎడమ చేతి చూపుడు వేలు సగమే ఉంటుంది. ఒక సంక్రాంతికి మెత్తగా ఉడికించిన పరమాన్నం తీసుకెళ్ళి పెట్టాను. ఏం పండగ అని అడిగారు. సూర్యుడికి, పంటకి అన్నాను. మంచం పక్కనున్న గ్లాసు ఎత్తి చూపించి, "మరి నీళ్ళకి?" అన్నారు. ఆ ఏడు ఇంటికొచ్చి కాటన్ శ్లోకం చదివాక స్నోయీ పనివాళ్ళందరి పేరా ఒక ఉద్ధరిణెడు నీళ్ళు వదిలాను. ఇప్పుడు అది మా ఇంటి సంక్రాంతి పూజలో భాగం.

అయితే ఈ నీళ్ళ కోసం స్నోయీ నది నష్టపోయిందన్నది కూడా నిజం. జిండబైన్ ఆనకట్ట కింద ఒకప్పుడు దాని నీళ్ళలో నూటికి ఒక వంతే మిగిలింది. ఈ మర్రంబిడ్జీ మనకంటే ఎన్నో వేల ఏళ్ళ ముందు నుంచీ విరాడ్జురి అనే ఇక్కడి ఆదివాసీ ప్రజలది. ఇక్కడ స్కూల్లో గానీ, కౌన్సిల్లో గానీ సభ మొదలయ్యే ముందు ఈ నేల ఎవరిదో చెప్పి, వాళ్ళ పెద్దలకు నమస్కారం పెట్టి అప్పుడు మాట్లాడతారు. మన సంకల్పం పక్కన పెట్టి చూస్తే నాకు అది పరాయిగా అనిపించదు. శ్వేతవరాహ కల్పం దగ్గర మొదలుపెట్టి మన ఇంటి గడప దాకా వచ్చి, ఎక్కడ నిలబడ్డామో చెప్పుకున్నాకే కదా మనం దేవుణ్ణి ఏదైనా అడుగుతాం. అందుకే నది పేరు చెప్పిన వెంటనే విరాడ్జురి పెద్దలకు నమస్కారం అని తెలుగులోనే అనుకుంటాం. పురోహితులు గారు కాదనలేదు.

ఇక్కడి సంక్రాంతికి కొత్త బియ్యం ఉండవు. అక్టోబరులో విత్తిన వరి అప్పటికి చిరుపొట్ట దశలో ఉంటుంది. రాత్రి చలి తగిలితే గింజ పట్టదని రైతులు మళ్ళలో నీళ్ళు లోతుగా నిలబెడతారు. మిల్లుకొచ్చే రైతుల నోట ఆ నెలంతా నీటి కేటాయింపు ఎంత శాతం ఇచ్చారన్నదే మాట. మంచి ఏళ్ళలో పది లక్షల టన్నులు దాటిన దేశపు వరి పంట 2008 కరువులో 20 వేల టన్నుల లోపుకు పడిపోయింది. ఆ ఏడాది సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ వాళ్ళ గొంతు మారిపోతుంది. అందుకే సంక్రాంతి పూజలో మేం కోరేది పంట చేతికి రావాలని, ఆనకట్టలు నిండాలని. కృతజ్ఞత చెప్పే పండగ మాకు ఉగాది. మార్చి చివర్లో, ఏప్రిల్లో కోతలు మొదలవుతాయి. మా వారు తెచ్చే కొత్త బియ్యంతో ఆ రోజు పరమాన్నం వండి నైవేద్యం పెడతాం. ఇక్కడ పండేది ఎక్కువగా మధ్యరకం గింజ బియ్యం, పాలల్లో బాగా మెత్తబడి చిక్కగా వస్తుంది. బెల్లం వేసేముందు మాత్రం స్టవ్ ఆపాలి, లేకపోతే పాలు విరుగుతాయి.