పాలో డూరో దారిలో మా ట్రైలర్, దాని హిచ్

టెక్సస్‌లో ఫ్రిస్కో నుంచి పాలో డూరో కాన్యన్‌కి వెళ్లాలంటే 287 హైవే పట్టుకుని విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ మీదుగా అమరిల్లో వైపు సాగిపోవడమే. దారి చాలావరకు చదునే కానీ ఆ గాలి ఉంది చూశారూ, ట్రక్ వెనకాల క్యాంపింగ్ ట్రైలర్ తగిలించుకున్నవాడికి అదే అసలు టెన్షన్. అందుకే బయల్దేరే ముందు నా టైమంతా వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఎంచుకోవడానికే పోయింది. ట్రైలర్‌ని ట్రక్‌కి కలిపే ఈ హిచ్, వెనక పడే బరువుని ఇనుప బార్లతో కొంత ముందు చక్రాలకి పంచుతుంది.

షాపులో కుర్రాడు బ్రోషర్ చూసి, ట్రైలర్ 5,500 పౌండ్లే కదా, 600 పౌండ్ల బార్లు చాలన్నాడు. అది ఖాళీ బరువు. ఖాళీ ట్రైలర్‌తో ఎవరు వెళ్తారండీ! నీళ్లు, గ్యాస్ సిలిండర్లు, బట్టలు, మా ఆవిడ ఎంత చెప్పినా వదలని గ్రైండర్, అన్నీ కలిపితే 6,700 తేలింది. అందులో 10 నుంచి 15 శాతం ట్రక్ వెనక ట్రైలర్ ఆనే బాల్ మీద పడాలి, తక్కువైతే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది. మాకు ఆ టంగ్ వెయిట్ 870 వచ్చింది, కాబట్టి 1,000 పౌండ్ల బార్లు తీసుకున్నాను. ఎందుకైనా మంచిదని 1,400వి కొనేవాళ్లుంటారు, అవి మరీ బిర్రుగా ఉండి గతుకు గతుకుకీ ట్రక్‌ని కుదిపేస్తాయి.

చాలామంది అనుకున్నట్టు ఈ హిచ్ వల్ల ట్రక్ మోయగలిగే బరువేమీ పెరగదు. డోర్ దగ్గర స్టిక్కర్ మీద మాది 1,600 పౌండ్లు. టంగ్ 870, హిచ్ ఇనుమే ఓ 100, మేం నలుగురం 560, ఇంక మిగిలిందెంత? ఐస్ బాక్స్ ట్రైలర్‌లోకి మార్చాం, అదీ బాల్ మీద బరువు పెరగకుండా చక్రాల యాక్సిల్ వెనక్కి.

విచిటా ఫాల్స్ దగ్గర ట్రక్ స్టాప్‌లో తూకం వేయించాను. ట్రక్ ఒక్కటే అయితే ముందు యాక్సిల్ మీద 3,200, ట్రైలర్ తగిలించి బార్లు వేయకపోతే 2,810. అంటే స్టీరింగ్ తిప్పే చక్రాల మీద 390 పౌండ్లు మాయం! బార్లు వేస్తే 2,930కి వచ్చింది. పోయినదాంట్లో సగం వెనక్కి తెస్తే చాలని మా ట్రక్ మాన్యువల్ చెప్తుంది, అదీ రాలేదు. బార్లు ఆనే బ్రాకెట్లని ఒక హోల్ పైకి బిగించి మళ్లీ తూస్తే 3,020. అక్కడితో ఆపేశాను, మొత్తం 3,200 రావాలని పట్టుబట్టడం అనవసరం, వెనక చక్రాలకీ పట్టు కావాలి కదా.

చిల్డ్రెస్ దాటాక పక్కగాలి గట్టిగానే కొట్టింది, పెద్ద లారీలు దాటినప్పుడల్లా ఒక తోపు తగిలేది, కానీ ట్రైలర్ వెంటనే సర్దుకునేది. ఆ బ్రాకెట్ల మీద రాపిడి వల్లే ఊగడం ఆగుతుంది. బార్లని బ్రాకెట్ల మీద ఆనించకుండా గొలుసులతో పట్టి ఉంచే చైన్ల రకం నేను వద్దనుకున్నది అందుకే, వాటికి ఊగకుండా ఆపే బార్ విడిగా తగిలించాలి, రివర్స్ చేసేటప్పుడు దాన్ని తీసేయాలి. మా బ్రాకెట్ల రకంతో చిక్కల్లా చప్పుడే. పార్క్‌లోకి దిగే 10 శాతం వాలులో సెకండ్ గేర్‌లో ఒక్కో మలుపు తిరుగుతుంటే కీచుమంటూ ఒకటే గోల, పిల్లలు చెవులు మూసుకున్నారు. గ్రీజ్ పూస్తే కాస్త తగ్గుతుందట గానీ ఆ రాత్రి మెస్కీట్ క్యాంప్‌లో మంచాల మీద పడ్డాక నాకు లేచే ఓపిక లేదు.